నలభై అడుగుల రోడ్డు

మా బావ ఏటీవీ కొన్నాడు. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను: పైన బైకు హ్యాండిలు, కింద బుల్లి ట్రాక్టరు చక్రాలు, మధ్యలో మా బావ. రాళ్లు, గుంటలు, బురద, ఏదైనా ఎక్కి దిగుతుందట. రోడ్డు మీద మాత్రం తోలకూడదట, పోలీసులు పట్టుకుపోతారట. ఆ చివరి ముక్క బండి వ్యానులోంచి దిగాకే మాకు చెప్పాడు.

గేటు బయట ఉన్నది రోడ్డే కాబట్టి బండి హాల్లో కొలువుదీరింది. సోఫా వంటింటి గుమ్మం దాకా జరిగింది. అక్క నాలుగు రోజులు ఓపిక పట్టి, ఆపైన హ్యాండిలు మీద తడి తువ్వాళ్లు ఆరేసింది.

"ఆదివారంలోగా దీన్ని తోలడానికి చోటు చూసుకోండి. లేదంటే సోమవారం పాత సామాన్లవాణ్ణి పిలుస్తా."

బావది స్థలాల వ్యాపారం. ఊరి చుట్టూ ఎక్కడ ఖాళీ నేల కనబడ్డా రాళ్లు పాతి, ముళ్లతీగ చుట్టి, ప్లాట్లు చేసి అమ్మేసిన మనిషి. అంతటి మహానుభావుడు నన్ను స్కూటరెక్కించుకుని ఖాళీ నేల కోసం వెతుకులాట మొదలుపెట్టాడు.

ఏటి ఒడ్డుకు పోతే ఇసుక కాంట్రాక్టరు మనుషులు వచ్చి, ఎవరి తాలూకని అడిగారు. అడవి అంచున గార్డు, జంతువులు బెదురుతాయన్నాడు. క్వారీ గుంత దగ్గర ఎవరూ ఏమీ అనలేదు, కుక్కలే మాట్లాడాయి.

"మనిషన్నవాడికి కాస్త ఖాళీ చోటు మిగల్చలేదు కదరా, పాపిష్టి వెధవలు!" అన్నాడు బావ, తను పాతించిన హద్దురాయి మీదే కూర్చుని చెమట తుడుచుకుంటూ.

"ఎవరు బావా వాళ్లు?"

"నోరు మూసుకుని స్కూటరెక్కు."

ఆదివారం పొద్దున బావ బుర్ర వెలిగింది. ఊరి చివర తన లేఔటే ఉందిగా! కరపత్రంలో నలభై అడుగుల రోడ్లు, అటూ ఇటూ పూలచెట్లు. నేల మీద నలభై అడుగుల బురద, అటూ ఇటూ బండరాళ్లు. ముఖద్వారం కమాను ఒక్కటే నిజం.

బండిని వ్యానులో తెచ్చి దించాం. అబద్ధమెందుకు, బావ తోలుతుంటే చూడముచ్చటగానే ఉంది. గుంటలో మునిగి గట్టు మీద తేలాడు.

"చూశావురా! ఇంతకన్నా మంచి చోటు ఇంకెక్కడుంది! ఒక్క అడుగైనా సాపుగా లేదు!" అని కేక పెట్టాడు.

ఆ కేక కమాను కింద నిలబడ్డ రిటైర్డు మాస్టారికీ, ఆయన వెంట ఉన్న నలుగురు ప్లాటుదార్లకీ చక్కగా వినబడింది. రోడ్డు పడిందేమో చూసుకోవడానికి ప్రతి ఆదివారం వస్తారు వాళ్లు. చోటు దొరికిన సంబరంలో బావ ఆ సంగతే మరిచాడు. వాళ్ల వెనకే, మోత విని కానిస్టేబులూ వచ్చాడు.

"ఈ బండి రోడ్డు మీద తోలకూడదని తెలీదా?"

"ఇక్కడ రోడ్డెక్కడుంది సార్..." అని బావ చటుక్కున ఆగాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఆగావేం నాయనా? నువ్వు నిలబడ్డది రోడ్డా, కాదా? మాకూ తెలుసుకోవాలనుంది."

కాదంటే బండి దక్కుతుంది. కానీ కొన్నవాళ్లు కాలరు పట్టుకుంటారు, మిగిలిన ప్లాట్ల మొహం ఎవడూ చూడడు. ఔనంటే బండి పోతుంది. బావ బురద హ్యాండిలును ఒకసారి నిమిరాడు.

"రోడ్డే సార్. నలభై అడుగుల రోడ్డు."

"అయితే బండి స్టేషనుకి."

కానిస్టేబులు ఫోను చేస్తే, బళ్లు ఎత్తుకుపోయే లారీ వచ్చింది. కమాను దాటీ దాటకముందే ఆ రోడ్డులో ఇరుసు దాకా దిగబడింది. అందరూ బావ వైపు చూశారు. బావ తాడు కట్టి, తన ఏటీవీతోనే లారీని బయటికి లాగాడు. కానిస్టేబులు భుజం తట్టి మరీ మెచ్చుకుని, ఆ ఏటీవీని అదే లారీ మీద ఎక్కించుకుపోయాడు.

"పోలీసు ఎదుట రోడ్డన్నావు, అందరం విన్నాం," అన్నారు మాస్టారు. "వచ్చే ఆదివారానికి కంకర తోలిస్తావుగా?"

బావ తలూపాడు.

దారిలోనే నేను అక్కకు ఫోను చేసి పూసగుచ్చినట్టు చెప్పేశాను. తమ్ముడన్నాక ఆ మాత్రం సాయం చెయ్యాలి. మేం వెళ్లేసరికి అక్క ఖాళీ హాలు ఊడుస్తోంది.

"ఏమండీ, బండికి చోటు దొరికిందా?"

"దొరికింది," అన్నాడు బావ చెప్పులు విప్పుతూ. "స్టేషను వెనకాల. నీడ కూడా ఉంది."

"మంచిది. ఆ సోఫా ఇటు లాగండి మరి. తాడివ్వనా?"