పైడిరాజు చెవి కింద చుక్క

వసంత చిత్రోత్సవం ఆఖరి రోజున పైడిరాజును ఎవరో కొనేస్తారు. ఆ సంగతి అతని భార్య హైమావతికి కాసేపటిదాకా తెలియదు. ముందు ఆమె కంటపడేది అతని ఎడమ చెవి కింద, మెడ మీద, గుండ్రంగా అంటుకుని ఉన్న ఎర్ర చుక్క.

అది స్టిక్కర్ బొట్టే అనుకుంటుంది హైమావతి. ఆ చోట ఆ చుక్కను చూసి మరోలా అనుకునే భార్య విశాఖపట్నం మొత్తంలో దొరకదు. తాను కుంకుమ తప్ప పెట్టుకోదు. మరి ఈ బొట్టు ఎవరిది? పోర్టు ఆఫీసు తప్ప మరో లోకం తెలియని మనిషి, నోట్లో నాలుక లేని మనిషి, పొద్దున్నే తనంత తానుగా "బీచి రోడ్డులో బొమ్మల ప్రదర్శన ఉందట హైమా, చూసొద్దాం పద" అన్నప్పుడే ఆమెకు ఎక్కడో తేడా కొట్టింది.

హాలు కిటికీల బయట కానుగలు విరగబూసి ఉన్నాయి. లోపల మామిడిపూత బొమ్మ చుట్టూ తేనెటీగలు మూగితే, పాసుల్లేవని వాచ్‌మన్ వాటిని మర్యాదగా బయటికి పంపిస్తున్నాడు. హైమావతికి అవేవీ పట్టవు. హాల్లో ఉన్న ఆడవాళ్ల నుదుళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. ఎవరి నుదురు బోసిగా ఉంటే వాళ్లే దొంగ. తీరా చూస్తే అందరికీ బొట్లున్నాయి. అలా అందరికీ ఉండటం ఆమెకు మరీ అనుమానంగా తోస్తుంది.

"మెడ మీద అదేటండీ?" అని తిన్నగా భర్తనే అడుగుతుంది.

పైడిరాజు అప్పటికే రెండు బొమ్మల మధ్య ఖాళీలో, గోడకు వీపు ఆనించి, నేలకు జానెడు ఎత్తున ఉన్నాడు.

"తెలీదు హైమా. కదలొద్దన్నారు," అంటాడు.

చిత్రోత్సవ సమితి కార్యదర్శి జోగారావు గారు వస్తాడు. ఆయన బొటనవేలికి ఎర్ర చుక్కల పట్టీ ఒకటి చుట్టి ఉంది.

"అమ్ముడైపోయినవాటికి పెడతామమ్మా ఆ చుక్క. ప్రదర్శన ముగిసేదాకా ఇక్కడే ఉంచుతాం. ముగిశాక కొన్నవాళ్లు పట్టుకెళ్తారు."

"ఆయన బొమ్మ కాదండీ. మా ఆయన."

"గోడకి ఉన్నారు కదమ్మా."

నిజమే, గోడకే ఉన్నాడు.

జనం వచ్చి పైడిరాజు ముందు ఆగుతుంటారు. కాలేజీ ఆడపిల్లలు తల పక్కకు వంచి చూస్తారు. శాలువా కప్పుకున్న పెద్దాయనొకడు "ఆ మోచెయ్యి చూడండి, ఎంత ఓపిగ్గా తీర్చారో!" అని పక్కవాడికి చూపిస్తాడు. పైడిరాజు మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగు చూసి హైమావతికి ఒళ్లు మండుతుంది. వెంటనే భయం కూడా వేస్తుంది.

"ఇంటికి రారా?" అంటుంది గొంతు తగ్గించి.

"ఎవరో నన్ను కావాలనుకున్నారు హైమా," అంటాడు అతను, ఇంకా తగ్గించి. "చూసి మరీ."

టస్సరు చీర కట్టుకున్న ఒకావిడ చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి ఉంది. హైమావతి వెళ్లి "మీరేనా?" అంటుంది. ఆవిడ ఏమాత్రం తడబడకుండా "నేనేనండీ" అంటుంది.

"ఏం చూసి?"

"కుడి కనుబొమలో ఒక్క తెల్ల వెంట్రుక ఉంది. నవ్వొచ్చినప్పుడు ముందు ముక్కు కదులుతుంది, తర్వాతే నోరు. అలాంటిది మా ఇంట్లో ఒకటుండాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను."

హైమావతి జోగారావు గారి చెయ్యి పట్టుకున్నంత పని చేస్తుంది. ఆయన ఆలోచించి, అభ్యంతరం చెప్పుకునే పద్ధతి ఒకటుందంటాడు. "అటు తిరిగి, చూడకుండా, ఆయన ఎలా ఉంటారో చెప్పండి. సరిపోతే చుక్క తీసేస్తాను."

ఇంతేనా అనుకుని ఆమె అటు తిరుగుతుంది. "చామనఛాయ," అంటుంది. ఇంకా? "ఎత్తూ కాదు, పొట్టీ కాదు." ఇంకా? "మీసం ఉంటుంది."

"తీసేసి చాన్నాళ్లయింది హైమా," అంటాడు వెనకనుంచి పైడిరాజు, తప్పు తనదే అయినట్టు.

ఆమె మొహం కందిపోతుంది. "పులుసులో ముక్కలు పక్కకి ఏరేస్తారు. చెప్పులు విడిచే చప్పుడు బట్టి ఆఫీసులో ఏం జరిగిందో చెప్పేస్తాను. జ్వరమొస్తే వాళ్లమ్మని పిలుస్తారు, నన్ను కాదు. ఇవన్నీ ఈవిడకి తెలుసా?"

"అవి కళ్లకి కనబడేవి కాదమ్మా," అంటాడు జోగారావు గారు జాలిగా. "ఇది చిత్రకళ."

ఇద్దరు మనుషులు అట్ట రంగు కాగితం, పురికొస పట్టుకుని వస్తారు. హాల్లో సగం దీపాలు ఆర్పేస్తారు.

"ఒక్కసారి చూసుకోనివ్వండి," అంటుంది హైమావతి.

"చూడ్డానికి అడ్డేముందమ్మా!"

ఆమె అతని ఎడమ చెవిని చూస్తుంది. తమ్మె మీద పాత గాటు ఒకటి ఉంది. ఎప్పుడు తగిలిందో ఆమెకు తెలియదు. చూడటం పూర్తయ్యేసరికి ఆ చెవి పండుటాకులా ఊడి ఆమె కొంగులో పడుతుంది. నెత్తురు రాదు. ఆమె గబగబా రెండో చెవిని చూస్తుంది, అదీ రాలుతుంది. మోచెయ్యి చూస్తుంది. నిజంగానే ఓపిగ్గా తీర్చినట్టుంది, అదీ కొంగులోకి రాలుతుంది. ఏడుపు ఉగ్గబట్టుకుని నోటిని చూస్తుంది. అది కాస్త తడిగా, బరువుగా వచ్చి కొంగులో పడుతుంది. ఇక కళ్లు చూడాలి అనుకునే లోపు వాళ్లు తల మీదుగా కాగితం చుట్టేస్తారు.

టస్సరు చీర ఆవిడ పొట్లాన్ని ఎత్తి, "తేలిగ్గా ఉందేంటి?" అని హైమావతి వైపు ఎగాదిగా చూస్తుంది. హైమావతి కొంగు ముడేసుకుని బయటికి నడుస్తుంది.

సిటీ బస్సులో ఆడవాళ్ల సీట్లో కూర్చుని, కొంగు ఒళ్లో పెట్టుకుని ముడి విప్పుతుంది. గాలి తగలగానే పైడిరాజు నోరు కదులుతుంది.

"ఎవరండీ మీరు?" అంటుంది బెదురుగా. "నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు? మా ఆవిడ ఇక్కడే ఎక్కడో ఉంటుంది. ఆవిడకి చెప్పకుండా నేను ఎవరితోనూ రానండీ."

"నేనేనండీ," అంటుంది హైమావతి వంగి. "హైమనే."

నోరు గట్టిగా మూసుకుంటుంది. రెండు చెవులూ ఆమె చీర కుచ్చిళ్ల మీద మెల్లిగా లేచి నిలబడి, బస్సులో మాట్లాడుకుంటున్న ఆడవాళ్ల గొంతులవైపు ఒక్కొక్కదానివైపే తిరుగుతూ, వెతకడం మొదలుపెడతాయి.