చెక్క పడ్డ చప్పుడు

కొత్త గ్రాఫిక్స్ కార్డు కంప్యూటర్ లోపలి సందులో సరిగ్గా కూర్చుంది. నలభై ఏళ్ళుగా చెక్కతో పనిచేస్తున్నవాణ్ణి. ఏది కూర్చుందో ఏది కూర్చోలేదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. బిగుతుగా, వంకర లేకుండా కూర్చుంది. అయినా తెర నల్లగానే ఉంది.

"ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా," అన్నాను.

"ఫ్యాన్లు తిరిగితే సరిపోదు నాన్నా, బొమ్మ రావాలి," అంది నా కూతురు.

"ఆ దుకాణంవాడు చెడిపోయిన సరుకు అంటగట్టాడు."

"కొత్తది. సీలు నేనే విప్పాను."

"సీలు లోపల ఏముందో వాడికి తెలుసు, నీకు తెలియదు."

ఆమె తెర వైపు తిరిగింది. వాళ్ళమ్మా అంతే. నాతో వాదించి లాభం లేదనిపిస్తే తెర వైపు తిరిగి కూర్చునేది.

ఆ కంప్యూటర్ నా భార్యది. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. పరామర్శకు వచ్చినవాళ్ళు కొందరు బాధపడకుండా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. ఆ మాట అన్నవాళ్ళతో నేను ఇప్పటికీ మాట్లాడను. ఆమె గీసేది, నేను చేసేవాణ్ణి. అలమరలు, బెంచీలు, కౌంటర్లు. నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. లెక్కలు వచ్చు, బొమ్మ రాదు. వర్క్‌షాపుకి ఆనుకుని ప్లైవుడ్ అడ్డుగోడ పెట్టి ఆమెకు చిన్న గది చేశాను. ఇప్పుడు అందులో కూతురు కూర్చుంటోంది.

పదకొండేళ్ళ కిందట మేము ఒక లైబ్రరీకి పుస్తకాల అరలు చేశాం. ఇప్పుడు వాళ్ళు పైన ఇంకో అంతస్తు వేశారు. అవే అరలు, అదే వరస కావాలన్నారు. అయితే గదిలో నడుస్తూ చూసినట్టు తెర మీద ముందే చూపించాలట. పెద్ద రోడ్డు మీది షోరూంవాడు అలా చూపిస్తాడు. రేపు నాలుగు గంటలకు లైబ్రరీవాళ్ళు మా దగ్గరికి వస్తారు. ఆ బొమ్మ నడిపే సాఫ్ట్‌వేర్‌కి ఈ కార్డు కావాలి. కూతురు తన సొంత డబ్బుతో కొనుక్కొచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పింది. "రేపు చూపించలేకపోతే ఆ షోరూంలో చేరిపోతాను నాన్నా. రెండుసార్లు పిలిచారు. నీ మీద కోపంతో కాదు. ఇక్కడ పని లేకపోతే నేనేం చేయను?"

కోపంతో వెళ్ళేవాళ్ళను ఆపడం తేలిక. ఆమెకు కోపం లేదు.

"కొత్త కంప్యూటరే కొనేద్దాం," అన్నాను.

"కొంటే అమ్మ గీసినవి తెరుచుకోవు. ఆవిడ వాడిన సాఫ్ట్‌వేర్ ఈ కంప్యూటర్ లోపలి బోర్డుకే ముడిపడి ఉంది. అమ్మిన కంపెనీ మూతపడింది. పాత అరల కొలతలన్నీ అందులోనే ఉన్నాయి."

డబ్బా పక్క రేకు విప్పి ఉంది. లోపల ప్రతి మూలా పొట్టు. మెత్తటి, పసుపుపచ్చ టేకు పొట్టు. అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. బ్రష్షు తెచ్చి దులిపాను. అప్పటికీ తెర నల్లగానే ఉంది.

కార్డు పీకించి, కూతురిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. అమ్మినవాణ్ణి అనవలసినవన్నీ అన్నాను. అతను కార్డును తన మిషన్‌లో పెట్టి స్విచ్ వేశాడు. వెంటనే బొమ్మ వచ్చింది. దుకాణంలో ఇద్దరు కొనేవాళ్ళు నన్ను చూశారు. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. "సరే, ఎందుకు రాలేదు మరి?" అన్నాను. కూతురు ఫోనులో తీసిన మా బోర్డు ఫోటో చూపించింది.

"మీ బోర్డు పాతది పెద్దాయనా. స్విచ్ వేయగానే అది కార్డును పాత పద్ధతిలో పలకరిస్తుంది. ఈ కొత్త కార్డుకు ఆ పలకరింపు తెలియదు. అది చూస్తూ ఉంటుంది, ఇది చూస్తూ ఉంటుంది."

"సందు ఒకటే కదా?"

"సందు ఒకటే. అందుకే అందరూ నా మీదికి వస్తారు."

కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు.

అతను బోర్డు పేరు చూసి, ఏదో వెతికి, చిన్న పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "బోర్డులో బయాస్ అని చిన్న ప్రోగ్రాం ఉంటుంది. బోర్డు నిద్రలేచేది దానితోనే. చేసినవాళ్ళు చివరిసారి ఇచ్చిన బయాస్ ఇందులో ఉంది. కార్డు తీసేసి, పాత తీగతోనే తెర పెట్టుకుని ఇది ఎక్కించండి. నాలుగు నిమిషాలు పడుతుంది. తర్వాత కార్డు పెట్టండి. కుదరొచ్చు, కుదరకపోవచ్చు. కానీ ఆ నాలుగు నిమిషాల్లో కరెంటు కొంచెం తగ్గినా బోర్డు చచ్చినట్టే. యూపీఎస్ ఉందా?"

ఉంది. బ్యాటరీ మొదటి ఏడాదే చచ్చింది. నా భార్య అడిగింది, నేను తేలేదు. ఆ సైజు అతని దగ్గరా లేదు. సోమవారం వస్తుందన్నాడు.

మర్నాడు పొద్దున కూతురు అడ్డుగోడ తలుపు దగ్గర నిలబడింది. "మిషన్లన్నీ ఆపాలి. ముఖ్యంగా చిత్రిక మిషన్."

"అది మొదలెట్టినప్పుడు కరెంటు ఒక్క క్షణం తగ్గుతుంది, అంతే. మీ అమ్మ మొదట్లో గొడవ చేసేది, కంప్యూటర్ ఆగిపోతోందని. తర్వాత అదే బాగుపడింది."

"బాగుపడలేదు నాన్నా."

"మరి మళ్ళీ ఎప్పుడూ అనలేదే."

"నువ్వు చెక్కను మిషన్ బల్ల మీద దబ్బున పడేస్తావు. తర్వాత కళ్ళజోడు వెతుక్కుంటావు. అది పెట్టుకుని స్విచ్ వేస్తావు. ఆ చెక్క చప్పుడు వినగానే అమ్మ సేవ్ నొక్కేది. కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేదాకా గుడ్డతో కీబోర్డు తుడుచుకుంటూ కూర్చునేది. నాకు మొదట నేర్పింది అదే. చెక్క పడితే సేవ్."

"నాకు చెప్పొచ్చు కదా."

"మొదటి ఏడాది చెప్పిందిగా. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. నీ బొమ్మల కోసం నా పని ఆపాలా అన్నాను.

రంపం ఆపించాను. సాన మిషన్ ఆపించాను. మెయిన్ స్విచ్ తీస్తే ఆ గదికీ కరెంటు పోతుంది, రెంటికీ ఒకటే లైను. అందుకని చిత్రిక మిషన్ ముందు నేనే నిలబడ్డాను. "ఇక కానివ్వు," అన్నాను గోడవైపు.

"మొదలెట్టా," అంది.

ఒక నిమిషం గడిచిందో లేదో రేడియో టీ తాగి వచ్చాడు. రేడియో అంటే మా పెద్దమేస్త్రి. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. అలవాటు కొద్దీ నేరుగా స్విచ్ మీద చెయ్యి వేయబోయాడు. మణికట్టు పట్టుకున్నాను.

"ఏంటయ్యా, ఎప్పుడూ లేంది చెయ్యి పట్టుకుంటున్నావు?"

"నోరు ముయ్."

"నోరు కరెంటుతో నడవదులే."

"బాబాయ్," అంది కూతురు గోడ అవతలి నుంచి, "నీకు దణ్ణం పెడతా, ఆ మిషన్ ముట్టుకోకు."

"ఆ మాట ముందే చెప్తే నేనే దూరంగా నిలబడేవాణ్ణి కదమ్మా. ఈ మనిషి దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు."

అతని చెయ్యి వదల్లేదు. అతనూ కాసేపటికి మాట ఆపాడు.

అప్పుడు ఆ గది వినిపించింది. ఫ్యాను సన్నటి రొద. కుర్చీ కిర్రుమనడం. కూతురు ఊపిరి బిగబట్టి వదలడం. ఇన్నేళ్ళలో ఆ గోడ అవతలి చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. మిషన్ ఆగితే కదా వినపడడానికి. అంత పలచటి గోడ కట్టానని అప్పుడు తెలిసింది. నా చప్పుళ్ళన్నీ, మేస్త్రిని తిట్టిన తిట్లతో సహా, నా భార్య రోజూ విన్నది.

"అయింది. ఇప్పుడు కార్డు పెడుతున్నా," అంది కూతురు.

రేడియో చెయ్యి వదిలి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. కూతురు నా వైపు చూడలేదు. రేడియో కూడా మాట్లాడలేదు, అది చెప్పుకోవలసిన విషయం. పది లెక్కపెట్టేంతసేపు అలాగే ఉంది. అప్పుడు మూలన ఒక తెల్లటి గీత, తర్వాత అక్షరాలు, తర్వాత బొమ్మ.

ముందు వాళ్ళమ్మ ఫైలు తెరిచి చూసుకుంది. తెరుచుకుంది. అప్పుడు కళ్ళు తుడుచుకుంది. నేను బయటికి వచ్చేశాను.

నాలుగింటికి లైబ్రరీవాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ తెర మీద అరల మధ్య అటూ ఇటూ నడిపించి చూసింది. "కింది అంతస్తులో ఉన్నట్టే ఉంది. గీసింది ఒకరేనా?" అని అడిగింది.

"కొలతలు మా అమ్మవి," అంది కూతురు.

పని మాకే ఇచ్చారు. షోరూం మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. నేను అడగలేదు.

సోమవారం యూపీఎస్ బ్యాటరీ తెచ్చి నేనే బిగించాను. మిషన్ ఒకసారి మొదలెట్టి చూపించాను. తెర చెక్కుచెదరలేదు. "ఇక చెక్క పడితే సేవ్ నొక్కే పని లేదు," అన్నాను.

"సరే నాన్నా," అంది.

మంగళవారం పొద్దున లైబ్రరీ పనికి మొదటి పలకను మిషన్ బల్ల మీద పడేశాను. కళ్ళజోడు తలమీదే ఉంది, వెతకనక్కర్లేదు. స్విచ్ వేయకుండా ఆగాను.

గోడ అవతల కీ నొక్కిన చప్పుడు వినిపించింది.

నమ్మలేదన్నమాట. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను. వాళ్ళమ్మ మొదటి ఏడాది అడిగి, ఇక అడగకుండా ఊరుకుంది. కంప్యూటర్ ఇంకా ఆగిపోతోందా అని నేను అడగనే లేదు. ఈ రెండింటిలో దేన్నీ నేను క్షమించను.

కళ్ళజోడు దించుకుని స్విచ్ వేశాను.