దిగంబర్ ఇచ్చిన బిజినెస్ కనెక్షన్

కొల్హాపూర్‌లో మా వాడ మొత్తానికి నెట్ ఇచ్చేది దిగంబర్, మా పిన్ని కొడుకు. పోయిన భావుబీజ్‌కి, అదే అన్నదమ్ములకి అక్కచెల్లెళ్లు హారతిచ్చే పండక్కి, నేను హారతి ఇచ్చి బొట్టు పెట్టగానే పళ్లెంలో చీరకు బదులు కొత్త నెట్ డబ్బా పెట్టాడు.

"బిజినెస్ కనెక్షనక్కా, నీ పేరునే! ఇంటి కనెక్షన్ అయితే వాడంతా పంచుకుంటారు, సాయంత్రమైతే మూలుగుతుంది. ఈ లైను నీ ఒక్కదానిదే. తెగితే కంపెనీవాళ్లు ఆ పూటే పరిగెత్తుకొస్తారు."

తమ్ముడు పళ్లెంలో పెట్టినదాన్ని మా ఇళ్లలో ఆరా తీయరు. తీస్తే వాణ్ణి నమ్మనట్టే. నేనూ తీయలేదు. ఆ ధైర్యంతోనే ఒక ఆసుపత్రివాళ్ల ఫోన్లు అందుకునే పనికి ఒప్పుకున్నాను. ఇంటి కనెక్షన్ అయితే కుదరదని ఆసుపత్రి మేనేజరు శాల్మలి ముందే చెప్పింది. మాది బిజినెస్సేనని గొంతెత్తి చెప్పాను. నన్ను నమ్మి నలుగురు ఆడవాళ్లు పాత ఉద్యోగాలు మానుకుని నా దగ్గర పనికి వచ్చారు.

మొదటి రోజు పొద్దున్నే మా మేడ మీది గదిలో నెట్ పోతూ వస్తూ ఉంది. నెట్ మీద వచ్చే రోగుల ఫోన్లు మాట మధ్యలో తెగిపోతున్నాయి. దిగంబర్ ఫోనెత్తడు. కంపెనీకి చేశాను.

"మీ బిజినెస్ లైను బాగానే ఉంది మేడం. కింద గేమ్‌ల షాపులో పెట్టాం కదా! మీ గదిలోది ఇంటి కనెక్షన్. దానికి మనిషి ఎల్లుండి వస్తాడు."

కింది షాపు దిగంబర్‌దే. ఒళ్లు మండిపోయి మెట్లు దిగాను. లోపల కుర్రాళ్లు కేకలు పెడుతూ ఆడుతున్నారు.

"నా కానుక నీ షాపులో ఏం చేస్తోందిరా?"

"ఆడవాళ్ల పేరున బిజినెస్ లైను తొందరగా ఇస్తారక్కా, అందుకని..." నసిగాడు. "అయినా ఫోన్లు మాట్లాడుకోవడానికి నీకంత లైనెందుకు? ఇక్కడ ఆట ఆగితే కుర్రాళ్లు మళ్లీ వస్తారా?"

"ఈ ఒక్క పూట పైకి ఇవ్వరా. నలుగురి బతుకు."

"పోటీ నడుస్తోందక్కా. సాయంత్రం చూద్దాంలే."

తెర మీంచి చూపు కూడా తిప్పలేదు. నా చేత్తో అన్నం తినిపించిన పిల్లాడు. అప్పుడే నా ఫోన్ మోగింది.

"పని వేరేవాళ్లకి ఇచ్చేశాం," అంది శాల్మలి. "మీ గదిలో లైను ఏదని నెట్ కంపెనీని అడిగితే, ఇంటి కనెక్షన్ అని తేలింది. ఉన్నది ఉన్నట్టు చెప్తే గడువిచ్చేదాన్ని కదండీ. అబద్ధమెందుకు చెప్పారు?"

"అబద్ధం కాదు మేడం. నాకలాగే చెప్పారు."

"ఎవరు?"

దిగంబర్ ఇప్పుడు తలెత్తాడు. పేరు చెప్పొద్దన్నట్టు చేతులు జోడించాడు. వాడు భయపడాల్సిన పని లేదు, చెప్పడానికి నాకక్కడ తమ్ముడెవరూ కనిపించలేదు.

"ఎవరో కేబుల్ అతను," అన్నాను.