దారిలో దొరికిన పిల్ల

ప్రధానం నాడు కరుణమ్మ కాసేపు నోరు మూసుకుని కూర్చుని ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కానీ వియ్యపురాలి ఇంట్లో ఆవిడ మొదటిసారి కడుపునిండా తిన్నది. మనసూ నిండింది. మనసు నిండిన మనిషికి నోరు ఊరుకోదు కదా.

ఆ ఇల్లు గురజాల మిషను బడిలో పంతులమ్మగా చేస్తున్న ఎస్తేరమ్మది. భర్త పోయి పదకొండేళ్లయింది. ఉన్నది ఒక్కతే కూతురు, హెప్సిబా. తానూ అదే బళ్లో చెబుతున్న ఆ పిల్లకు ఇరవై మూడు నిండాయి. రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోయాక అద్దం ముందు నిలబడటం మానేసింది. మూడోది ఈ మాచర్ల సంబంధం. పిల్లవాడు ఆనందరావు, కరుణమ్మ కొడుకు, సాగర్ డ్యాము పనుల్లో టైంకీపరు. పిల్లను చూడవచ్చిన రోజున కాఫీ తాగి పోకుండా, బళ్లో ఏ తరగతికి చెబుతావు, పిల్లలు మాట వింటారా అని అరగంట కబుర్లాడి వెళ్లాడు. ఆ అరగంటతో హెప్సిబా మనిషే మారిపోయింది. నీళ్లు తోడుతూ పాడేది, బియ్యం ఏరుతూ పాడేది. వంటింట్లో నిలబడి ఆ పాటలు విని ఎస్తేరమ్మ సంతోషంతో ఏడ్చేసింది.

ఉంగరాలు మార్చుకున్నారు, అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లారు, మిగిలిన ఆడవాళ్లంతా చాపల మీద చేరారు. అప్పుడు మొదలుపెట్టింది కరుణమ్మ.

"నాకు అమ్మెవరో అయ్యెవరో తెలవదు వదినా. దారిలో దొరికిన పిల్లని నేను. పెద్ద కరువులో చంద్రవంక వాగు పక్కన కూకుని ఏడుస్తంటే, ఎవరో పిల్ల, తనే ఇంతుంది, నన్ను సంకనేసుకుని మిషను బంగళాకు మోసకపోయిందంట. కరుణతో దొరికిందని దొరసాని కరుణ అని పేరు పెట్టింది. ఉపదేశి జ్ఞానయ్య గారింటికి పెంపకానికి ఇచ్చారు. సొంతోళ్లే పిల్లల్ని ఇడిచిపెట్టిపోయిన కాలంలో పరాయి పిల్ల నన్ను ఎత్తుకుంది చూడు! బతికుందో లేదో, ఆ పిల్ల కోసం ప్రార్థన చెయ్యకుండా ఇన్నేళ్లలో ఒక్కపూట ముద్ద ముట్టలేదు వదినా."

ఎస్తేరమ్మ చేతిలో లడ్డూల పళ్లెం ఉంది. పళ్లెం కింద పడలేదు. చాప ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరికీ పంచింది, కరుణమ్మకు ఇంకోటి ఎక్కువ పెట్టింది, ఖాళీ పళ్లెం పట్టుకుని దొడ్లోకి వెళ్లిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ల కిందటి మాట. దుర్గి పక్క పల్లెలో కలరా వచ్చి ఒక్క వారంలో తల్లీ తండ్రీ పోతే, తొమ్మిదేళ్ల అక్క నాలుగేళ్ల చెల్లెల్ని చంకనేసుకుని మిషను బంగళాకు నడిచింది. అక్కడ వరస చాంతాడంత ఉంది. కరువు మూలంగా ఇంటికి ఒక్కరినే చేర్చుకుంటున్నారు. ముందు నిలబడ్డ అన్నదమ్ముల్లో పెద్దవాణ్ణి లోపలికి పంపి చిన్నవాణ్ణి వెనక్కి తిప్పేశారు. ఆ చిన్నవాడు గేటు పట్టుకుని ఎలా అరిచాడో ఎస్తేరమ్మ చూసింది. తన వంతు వచ్చాక, ఈ పిల్ల నీకేమవుతుందని బల్ల దగ్గర గుమాస్తా అడిగాడు. "ఏమీ కాదు. దారిలో వాగు పక్కన దొరికింది" అంది. చెల్లెలు మెడ పట్టుకుని అక్కా అక్కా అంటూనే ఉంది. గుమాస్తా పట్టించుకోకుండా రిజిస్టరులో రాసేసుకున్నాడు, ఏ పిల్లయినా పెద్దపిల్లను అక్కా అనే పిలుస్తుంది. పెద్దదాన్ని బోర్డింగులో వేశారు. బడి ఈడు రాని చిన్నదాన్ని, పల్లెలో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఇంటికి ఇచ్చి, దాని తిండికి నెలనెలా జొన్నలు పంపారు.

ఆ అబద్ధాన్ని తప్పు పట్టేవాడు ఆకలి ఎరగనివాడు. ఇద్దరు పిల్లలూ బతికారు, ఇంకేం కావాలి? ఎస్తేరమ్మ తప్పు అది కాదు, ఆ తర్వాతది. నాలుగు రోజులాగి నిజం చెబుదామనుకుంది. చెబితే ఇద్దర్నీ గెంటేస్తారేమోనని భయపడింది. పదిహేడేళ్లకు పంతులమ్మ ఉద్యోగం వచ్చాక వెతుక్కుంటూ వెళ్లింది. ఉపదేశి కుటుంబం కృష్ణ దాటి నైజాం వైపు వెళ్లిపోయిందని పొరుగువాళ్లు చెప్పారు. రేవు దాకా నడిచింది. రేవులో పడవ ఉంది, పడవవాడు రమ్మని కేకేశాడు కూడా. మిషనుకు అబద్ధం చెప్పిన పిల్లకు మిషను ఉద్యోగం ఉంచుతారా అన్న ఆలోచన అక్కడ, ఆ ఇసుకలో వచ్చింది. పడవ ఎక్కలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ రేవుకు పోలేదు.

ఇప్పుడా చెల్లెలు తనంతట తానే ఏరు దాటి వచ్చి, మాచర్లలో కాపురముండి, కొడుకును కని, ఆ కొడుకును అల్లుణ్ణి చేసుకొమ్మని ఇంటికి తెచ్చింది. ఇద్దరిలో ఒకరు మగపుట్టుక పుట్టి ఉంటే బంగారంలాంటి మేనరికం, ఊరంతా మెచ్చుకునేది. అక్కచెల్లెళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు. వాళ్లకు పెళ్లన్న మాట ఏ కులంలోనూ, ఏ గుళ్లోనూ నోట పలకరు. ఎస్తేరమ్మకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా మొదటి ఆదివారం గుళ్లో, ఎవరికైనా అభ్యంతరముందా అని పెళ్లి ప్రకటన చదువుతుంటే తల దించుకుని కూర్చుంది. రెండో ఆదివారమూ అంతే. పక్కన హెప్సిబా కొత్త గాజులు చప్పుడు కాకుండా చెయ్యి ఒళ్లో పెట్టుకుని సిగ్గుపడుతుంటే, ఆ చెయ్యినే చూసింది.

మూడో ప్రకటన ఇక మూడు రోజులుందనగా గురువారం పొద్దున్నే మాచర్ల బస్సెక్కింది.

కరుణమ్మ వసారాలో ఎండుమిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఏంది వదినా, కబురన్నా చెయ్యకుండా వచ్చావు? పెళ్లి కారానికి కాయ ఏరతన్నా. కూకో, చెయ్యి కడుక్కొస్తా."

"వదినా అనబాక కరుణా. ముందు నా మాట విను. చంద్రవంక కాడ నిన్ను ఎత్తుకున్న పిల్లని నేనే."

కరుణమ్మ కుప్ప పక్కకు తోసి ముందుకు జరిగింది. తర్వాత కారపు చేతులతోనే వంగి ఎస్తేరమ్మ కాళ్లు రెండూ పట్టేసుకుంది. "దేవుడు చూపిచ్చాడు! నా తల్లీ, నా ఇంటికే వచ్చావా! ఆనందరావుకి కబురెట్టి పిలిపిస్తా ఉండు, వాడికి చెప్పాలి." ఆ కాళ్లు వెనక్కి తీసుకోవడం ఎస్తేరమ్మ వల్ల కాలేదు. అవి అలా చెల్లెలి చేతుల్లో ఉండగానే మిగతాది చెప్పింది.

"వాగు కాడ దొరకలేదు నువ్వు. ఇంటికాణ్ణించే మోసుకొచ్చా. నేను పరాయిదాన్ని కాదు. నీ తోడబుట్టిన అక్కని."

చేతులు మెల్లగా కాళ్ల మీద నుంచి జారాయి. ఇంటికొకరినే చేర్చుకున్న సంగతి, గేటు దగ్గర అరిచిన పిల్లవాడి సంగతి ఎస్తేరమ్మ గబగబా చెప్పుకుపోయింది. కరుణమ్మ కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. కారం చేతులు, తుడుచుకోడానికి లేదు. భుజానికి మొహం రాసుకుంది.

"కూటి కోసం రాపిచ్చావు. సరే. తర్వాత నాకోసం ఎప్పుడొచ్చావు?"

"ఒకసారి వచ్చా. మీరు ఏరు దాటి పోయారన్నారు."

"ఏటికి పడవల్లేవా?"

ఎస్తేరమ్మ వంగి కుప్పలోంచి ఒక కాయ తీసి తొడిమ తుంచింది.

"పెంచినోళ్లు చెడ్డోళ్లు కాదులే. కూడు పెట్టారు. పదేళ్లు వాళ్ల గొడ్లకాడ పండుకున్నా, వాళ్ల పేడ ఎత్తా. వాళ్ల పిల్లలు బడికి పోతుంటే సంచులు మోశా. నాకు యాలిముద్రే. నువ్వు పంతులమ్మవి." కరుణమ్మ గొంతు పెరగలేదు. దానికే ఎస్తేరమ్మకు భయమేసింది. "ఎవురూ లేరనుకుని బతికా. అదేం కష్టం కాదు, అలవాటైపోయిద్ది. ఉండి రాలేదని తెలవకుండానే పోతే బాగుండు."

కాసేపటికి ఆవిడకు రెండో సంగతి తట్టింది. ఒక్కసారిగా లేచి నిలబడింది.

"అయితే మావోడూ, నీ కూతురూ…"

"అన్నాచెల్లెళ్లు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ప్రధానం నాడే."

"రెండు ఆదివారాలు చదివిచ్చావు! నోరు రాలేదా? నాకోసమైతే ఇయ్యాల కూడా వచ్చేదానివి కాదు. ఆ పాపం నీ బిడ్డకు చుట్టుకుంటదని వచ్చావు."

"నువ్వే ఏదో ఒకటి చెప్పి తప్పించు కరుణా. పిల్లవాడికి ఇష్టం లేదనో, జాతకం… కాదు, ఇంకేదన్నా చెప్పు. హెప్సిబా నన్ను క్షమించదు. నాకు అదొక్కతే ఉంది."

"నాకు ఆ ఒక్కతె కూడా లేకపోయింది" అంది కరుణమ్మ. "నేను చెప్పను. చెప్పినా ఎవరు నమ్ముతారు? నేను దారిలో దొరికిన పిల్లనని నువ్వే రాపిచ్చావు. ఆనాడు నలుగురి ముందరా కాదన్నావు, ఈనాడు నలుగురి ముందరే అవునను. మూడో ప్రకటనకు వస్తన్నాంగా. అయ్యగారు అడుగుతాడు, లేచి చెప్పు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నాకు అక్క లేదు. దారిలో దొరికినదాని కొడుకుని ఎవరైనా చేసుకోవచ్చు."

అని మళ్లీ కుప్ప ముందు కూర్చుంది. ఎస్తేరమ్మ బస్సు దాకా ఒక్కతే నడిచింది.

శుక్రవారం చెబుదామనుకుంది. హెప్సిబా పెళ్లి తెల్లచీరకు జరీ అంచు కుడుతూ, ఆనందరావు క్వార్టర్సుకు కిటికీలు ఎన్నున్నాయో చెబుతోంది. శనివారం చెబుదామనుకుంది. ఆ పిల్ల వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, "నువ్వు కూడా మాతో వచ్చేయమ్మా" అంది. ఎస్తేరమ్మ గుండె బండ చేసుకుందామని చూసింది గానీ, కూతురి చేతుల్లో అది కుదరలేదు.

ఆదివారం గుడి నిండింది. మగవాళ్లు కుడిపక్క, ఆడవాళ్లు ఎడమపక్క చాపల మీద. మాచర్ల వాళ్లు ఎనిమిది మంది వచ్చి వెనక కూర్చున్నారు. అయ్యగారు కాగితం తీసి చదివారు. ఆనందరావు, హెప్సిబా, మూడవ పర్యాయము. ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను.

ఎస్తేరమ్మ చాప పోచలు పీకుతూ కూర్చుంది. వెనక నుంచి రెండు కళ్లు తన వీపు మీదే ఉన్నాయని తెలుసు. పక్కన కూతురి భుజం తన భుజానికి ఆనుకుని వెచ్చగా ఉంది. ఎవరో దగ్గారు. అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పాట అందుకున్నారు, అందరూ లేచారు. పాట అయింది, అందరూ కూర్చున్నారు. ఎస్తేరమ్మ కూర్చోలేదు.

"ఏం పంతులమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు అయ్యగారు.

"పెళ్లి ఆపండయ్యగారూ."

"అమ్మా, కూర్చో" అని హెప్సిబా కొంగు పట్టి లాగింది.

"పెళ్లికొడుకు తల్లి కరుణమ్మ నా తోడబుట్టిన చెల్లెలు. ఇద్దరం ఒక కడుపున పుట్టాం. దారిలో దొరికిందని మిషను రిజిస్టరులో రాయించింది నేనే. అది అబద్ధం. ఈ పిల్లలు అన్నాచెల్లెళ్లు అవుతారు."

కొంగు లాగుతున్న చెయ్యి వదిలేసింది. హెప్సిబా తల్లి మొహంలోకి చూసి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఎప్పటినుంచి తెలుసమ్మా?"

అబద్ధం చెప్పాలని ఎస్తేరమ్మకు ఎంత అనిపించిందో ఆమెకే తెలుసు. "ప్రధానం నాటినుంచి" అంది.

హెప్సిబా పాటల పుస్తకం తీసుకుని లేచింది. అందరూ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. తల ఎత్తుకునే నడిచింది, గుమ్మం దాటాక పరుగెత్తిన చప్పుడు వినబడింది. మగవాళ్ల వైపు ఆనందరావు సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు. ఆ పిల్ల వెనక పోవడానికి ఇప్పుడు తాను ఏమవుతాడో పాపం అతనికి పాలుపోలేదు. ఎస్తేరమ్మ చాప మీద కూర్చుంది. వెళ్లి కూతుర్ని పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే తోసేస్తుందని తెలుసు.

వెనక వరసలోంచి కరుణమ్మ లేచి వచ్చింది. హెప్సిబా కూర్చున్న చోటే, ఖాళీగా ఉన్న ఆ చోటే కూర్చుంది. ఎస్తేరమ్మ మీద చెయ్యి వెయ్యలేదు, దగ్గరికి జరగలేదు. మధ్యలో జానెడు చాప కనిపిస్తూనే ఉంది. అయ్యగారు ఏం చెయ్యాలో తోచక ప్రార్థన మొదలుపెట్టారు, అందరూ కళ్లు మూసుకున్నారు. కరుణమ్మ ఎదురుగా చూస్తూ మెల్లగా అడిగింది.

"అమ్మ పేరేంది?"

"చెన్నమ్మ" అంది ఎస్తేరమ్మ, కూతురు వెళ్లిన గుమ్మం వైపే చూస్తూ.