మొదటి అట్టు

నేను ఒక అట్ల పెనాన్ని. నల్లగా, బరువుగా ఉంటాను. అందుకు నాకేం సిగ్గు లేదు. విజయనగరంలో ఒక కమ్మరి కొలిమిలో దెబ్బలు తిని తిని గుండ్రంగా తేలి, తిన్నగా పైడమ్మ చేతిలో పడ్డాను. ఆవిడ బస్టాండు పక్కన టిఫిన్ బండి నడిపేది. తెల్లవారకముందే పొయ్యి రాజేసి నా మీద నీళ్లు చిలకరించేది. చుక్కలు చుయ్యిమని గెంతగానే సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి నన్నంతా రుద్దేది. అబ్బ, ఏం రుద్దుడండీ అది! ఆ ఊళ్లో కోళ్లు మా పొయ్యి చూసే కూసేవని ఇప్పటికీ నా నమ్మకం.

ఒకనాడు ఆవిడ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కొడుకు సన్యాసిరావు, కోడలు కుమారి ఆవిడని నెత్తిన పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ కష్టపడింది, పడుకోనిద్దామని గదికి తెరలు కట్టారు. ముద్ద కలిపి నోట్లో పెట్టారు, జడ వేశారు, చీర కట్టారు. మనుషుల ప్రేమ అలాంటిది, ఎదుటివాళ్ల చేతులు కూడా తామే అయిపోతారు. కొన్నాళ్లకి పైడమ్మ పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. మిట్టమధ్యాహ్నం లేచి తెల్లారిందా అని అడిగేది. ముద్ద కలుపుకోవడం కూడా నిజంగానే రాకుండా పోయింది. అటక మీద నేనూ తుప్పు పట్టాను.

ఎముక చూసే డాక్టరమ్మ గట్టిగానే మందలించింది. పొద్దుటెండ తగలాలి, ఆవిడ పని ఆవిడని చేసుకోనివ్వండి, లేకపోతే ఇక మంచమే గతి అంది. మర్నాడు పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసి పైడమ్మని కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడే వీధిలోకి పాత ఇనుముల బండి వచ్చింది. కుమారి నన్ను దించి మెట్టు మీద పడేసింది. ఆ చప్పుడుకి పైడమ్మ కళ్లు తెరిచింది.

"దాన్నెక్కడికి అట్టుకెల్తన్నావే?"

"తుప్పట్టీసింది అత్తా. ఇనపోడికి ఇచ్చీస్తాను."

"ఇలా తే."

గోటితో నన్ను గీకి చూసింది. ఆవిడ చెబుతుంటే కుమారి ఇటుకపొడితో తోమి, వాకిట్లో పొయ్యి మీద కాగుతున్న నీళ్లు దించి నన్ను పెట్టింది. కుర్చీ దగ్గరికి జరిపి, ఇంట్లో ఉన్న అట్ల పిండి, నూనె, సగానికి కోసిన ఉల్లిపాయ తెచ్చిపెట్టారు. పైడమ్మ నీళ్లు చిలకరించింది. "ఇంకా కాల్లేదు" అంది. నాకైతే ఒళ్లంతా ఉత్సాహమే! రెండోసారి చుక్కలు గెంతాయి. ఉల్లిపాయ చెక్క కాస్తా పైడమ్మ వేళ్లలోంచి జారి బూడిదలో పడింది. కుమారి చెయ్యి చాచబోతే సన్యాసిరావు ఆపాడు. పైడమ్మ మెల్లగా రెండో చెక్క అందుకుంది. రుద్దింది. గరిటెడు పిండి పోసింది.

అట్టు అంటుకుపోయింది. నేనెంత బతిమాలినా వదల్లేదు. ముక్కలు ముక్కలైంది. కుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మొదటిదెప్పుడూ అంతేనే" అంది పైడమ్మ. "ఇన్నాల్లకి కాలింది, పెనానికి గేపకం రావద్దేటి? ఇంకో గరిటె పిండందుకో."

రెండోది గుండ్రంగా లేచింది. పైడమ్మ దాన్ని తన వేళ్లతోనే తుంచుకుని తింది. ఇనుముల బండివాడు మూడోది తిని వెళ్లిపోయాడు.

ఆవిడకి నడక ఇంకా రాలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడూ పొద్దు మరిచిపోతుంది. కానీ ఆ రాత్రి ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు, పైడమ్మతో సహా. నాకే నిద్ర పట్టలేదు. తెల్లారితే పనుంది మరి.