వెనక సీట్లో మోగిన సెల్లు

ఆ ఏడు నారాయణఖేడ్ ఆటో అడ్డా మీద కొత్త పద్ధతి ఒకటి మొదలైంది. ఆటో కదిలే ముందు డ్రైవర్ తన సెల్లు తీసి వెనక కూర్చున్న ఆడవాళ్ళలో ఒకరి చేతికివ్వాలి. దిగేదాకా అది ఆమె దగ్గరే ఉంటుంది. అట్లా ఇచ్చిన డ్రైవర్‌కు తర్వాతి ట్రిప్పులో వరసతో పని లేకుండా ముందు నంబర్ దొరుకుతుంది. ఇవ్వనివాడు తన వంతు వచ్చేదాకా ఎండలో కాచుకోవాల్సిందే.

ఈ పద్ధతి పెట్టించింది అడ్డా పెద్ద మల్లప్ప. పెట్టడానికి కారణం ఆబెదా భర్త హఫీజ్ చావు.

హఫీజ్ స్టవ్వులు, గొడుగులు బాగుచేసేవాడు. అంతకుముందు వానాకాలం ఖేడ్ నుంచి మనూర్ అంగడికి పోదామని బస్వరాజ్ ఆటో ఎక్కాడు. బస్వరాజ్ సెల్లును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కల్వర్టు మీదికి ఎదురొచ్చిన ట్రాక్టర్ అతనికి ఆలస్యంగా కనిపించింది. ఆటో వాగులో పడింది. హఫీజ్ అక్కడికక్కడే పోయాడు. బస్వరాజ్ కాలు విరిగి లోపల రాడ్డు వేశారు. బెయిలు మీద బయటికి వచ్చాడు, కేసు నడుస్తూనే ఉంది.

మొదట్లో పోలీసులు చలాన్లు రాశారు. ఖాకీ బట్ట కనబడితే డ్రైవర్లు సెల్లు జేబులో వేసుకునేవాళ్ళు, దాటగానే మళ్ళీ తీసేవాళ్ళు. జరిమానాకు భయపడని వాళ్ళు నంబర్ కోసం మాత్రం ఒకరి గల్లా ఒకరు పట్టుకుంటారని మల్లప్పకు తెలుసు. తనూ ఒకప్పుడు ఆటో నడిపినవాడే. అందుకే జరిమానా మాట పక్కన పెట్టి నంబర్‌ను ఆశ చూపించాడు. కొద్ది రోజులకే డ్రైవర్లు అడగకముందే సెల్లు వెనక్కి చాపడం మొదలుపెట్టారు.

ఆబెదా ఖేడ్ బజార్‌లో ఒక టైలర్ దుకాణంలో జాకెట్లు కుట్టేది. ఉండేది కల్వర్టు అవతల, మనూర్ రోడ్డు మీది పల్లెలో, కూతురు అనమ్‌తో. పొద్దున, సాయంత్రం ఆ వాగు దాటక తప్పదు. సెల్లు పట్టుకునే పని ఎక్కువగా ఆమెకే వచ్చేది. అది మోగితే ఎత్తి, "బండి నడుపుతుండు, దిగినంక చేస్తడు" అని పెట్టేసేది. డ్రైవర్ల పెళ్ళాలు ఆమె గొంతు గుర్తుపట్టి, సరే అక్కా అనేవాళ్ళు. హఫీజ్ పోయాక ఆమెకు కాస్తన్నా ఊరట ఉందంటే అది ఆ పనిలోనే. ఇంకొకరి చేతిలో ఉండే ప్రమాదం తన ఒళ్ళో భద్రంగా ఉన్నట్టు అనిపించేది.

కాలు నయమయ్యాక బస్వరాజ్ మళ్ళీ ఆటో తెచ్చి అడ్డా మీద పెట్టాడు. అందరికంటే ముందు సెల్లు తీసి పట్టుకునేవాడు. అందుకునేవాళ్ళే లేరు. తన వంతు వచ్చినా అతని బండి ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. తెలియని వాళ్ళెవరైనా ఎక్కబోతే పక్కవాళ్ళు చెయ్యి పట్టి ఆపేవాళ్ళు. మల్లప్పకు అది చూడబుద్ధి కాలేదు. నువ్వు ఒక్కసారి ఎక్కితే మిగతావాళ్ళూ ఎక్కుతారని ఆబెదాను బతిమాలాడు.

"మా ఆయన ఏ నమ్మకంతోటి ఎక్కిండో గదే నమ్మకంతోటి నేను ఎక్కాల్నా?" అంది ఆమె. మల్లప్ప మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శ్రావణంలో ఒకరోజు మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. అనమ్‌కు పొద్దుటి నుంచి జ్వరం. ఆబెదా పని ఆపి తొందరగా అడ్డాకు వచ్చేసరికి మనూర్ దిక్కు ఆటోలన్నీ నిండి వెళ్ళిపోయాయి. బస్వరాజ్ బండి ఒక్కటే మిగిలింది. అదే పల్లెకు పోవాల్సిన ఆనందమ్మ వానకు తట్టుకోలేక ఎక్కి కూర్చుని, పిల్ల ఒక్కతే ఉంది గదా రమ్మని ఆబెదా చెయ్యి గుంజింది. ఆబెదా ఎక్కింది. బస్వరాజ్ తల తిప్పకుండా సెల్లు వెనక్కి చాపాడు. ఆనందమ్మ చేతుల నిండా సంచులు. ఆబెదాయే అందుకుంది.

ఖేడ్ దాటారో లేదో సెల్లు మోగింది. ఆబెదా ఎత్తింది. ఆమె నోరు తెరవకముందే అవతల బస్వరాజ్ భార్య సంతోషి, మొగుడే ఎత్తాడనుకుని గబగబా చెప్పింది.

"అత్తకు పాము కరిచింది. కంది చేన్ల పడిపోయింది. ఊళ్ళ ఒక్క బండి లేదు. జల్దీ రా."

"బండి నడుపుతుండు, దిగినంక చేస్తడు," అంది ఆబెదా. పెట్టేసింది.

ఏం విన్నదో ఆమెకు అర్థమైంది తర్వాతే. అలవాటైన మాట దానంతటది వచ్చేసింది. ముందు సీట్లో బస్వరాజ్ అద్దం తుడుచుకుంటూ నిదానంగా నడుపుతున్నాడు. అతని ఊరి మలుపు ఈ దారిలోనే, కల్వర్టుకు ఇవతలే ఉంది. అక్కడ ఎడమకు తిరిగితే ఊరు చాలా దగ్గర.

సెల్లు మళ్ళీ మోగింది. ఆబెదా ఎత్తలేదు. గట్టిగా పిడికిట్లో పట్టుకుంది. మలుపు దగ్గరి చింతచెట్టు వానలో కనబడింది. ఇప్పుడు చెబితే ఇతని చేతులు వణుకుతాయి, ఈ బురదలో బండి ఏమవుతుందో అనుకుంది. ఆ వెంటనే ఇంకోటి కూడా తోచింది. ఆ రోజు ఇతను నవ్వుతూ మాట్లాడిన ఆ సెల్లు ఇదే కావచ్చు. రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి తోసుకుంటుండగానే మలుపు వచ్చింది, వెనక్కి పోయింది. ఆమె నోరు విప్పలేదు. బస్వరాజ్ తన ఊరి దిక్కు చూడనైనా చూడలేదు.

ఎవరిదమ్మా అన్నిసార్లు మోగుతోందని ఆనందమ్మ అడిగింది. ఆబెదా సెల్లును కొంగు కింద దాచుకుంది. కల్వర్టు దగ్గర బస్వరాజ్ బండిని నడకంత నెమ్మది చేశాడు. కింద వాగు ఎర్రగా పారుతోంది. ఎప్పుడూ అక్కడ కళ్ళు మూసుకునే ఆబెదా ఈసారి తెరిచే ఉంచింది. అతని మెడ మీద చెమట కనిపించింది, ఆ చలిలో. అవతలి గట్టు ఎక్కగానే ఆమె అంది.

"ఆపు. మీ అమ్మకు పాము కరిచిందంట. ఫోన్ అచ్చింది."

"ఎప్పుడు?"

"మలుపుకు ముందల."

బస్వరాజ్ ఆమెను ఒక్కసారి చూశాడు. బండి వెనక్కి తిప్పాడు. సెల్లు అడగలేదు. అనమ్‌ను తను చూసుకుంటానని ఆనందమ్మ సంచులతో అక్కడే దిగిపోయింది, ఆబెదా దిగలేదు.

ఊళ్ళోకి పోయేసరికి బస్వరాజ్ తల్లి రామవ్వను దుప్పటిలో మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. ఆమెను ఆబెదా అదే మొదటిసారి చూడటం. ముసలమ్మ తల ఆబెదా ఒళ్ళోనే పెట్టారు, సంతోషి కూడా ఎక్కాక వెనక సీట్లో ఇంక చోటు లేక. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. కొడుకునే పిలుస్తోందో, దాహమంటోందో తెలియలేదు. ఆబెదా కొంగుతో ఆమె మూతి తుడుస్తూ కూర్చుంది. ఖేడ్ దీపాలు కనబడేసరికి ఆ ఊపిరి ఆగింది. ఆ సంగతి ముందుగా తెలిసింది ఆబెదాకే. ఈసారి కూడా ఆమె వెంటనే చెప్పలేదు, దవాఖాన వాకిట్లో బండి ఆగాకే చెప్పింది.

ముందొస్తే బతికేదా అని సంతోషి డాక్టర్‌ను అడిగింది. చెప్పలేమన్నాడు ఆయన. సంతోషి వరండాలోకి వచ్చి ఆబెదా ముందు నిలబడింది.

"ఫోన్ ఎత్తింది నువ్వేనా అక్కా?"

"నేనే."

"ఆయనకు ఎక్కడ చెప్పినవ్?"

"వాగు దాటినంక."

సంతోషి ఏడవలేదు, తిట్టలేదు. ఆ దూరాన్ని మనసులో కొలుచుకుంటున్నట్టు నిలబడిపోయింది. బస్వరాజ్ గోడకు ఆనుకుని కుంటికాలు చాపుకుని కూర్చున్నాడు. "ఆమె నన్ను ఆపమన్నది. నేనైతె ఆనాడు ఎవ్వరు ఆపమన్నా ఆపకపోతుంటి," అన్నాడు నేలను చూస్తూ. అది క్షమించడమో, ఇద్దరి లెక్కా ఒకటేనని చెప్పడమో ఆబెదాకు తెలియలేదు.

మర్నాడు ఆబెదా అడ్డాకు పోయి జరిగింది జరిగినట్టు మల్లప్పకు చెప్పింది. అతను తిడతాడనుకుంది. తిట్టలేదు. డ్రైవర్లు కూడా, అంత కబురును బండి నడిపేవానికి చెప్పకపోవడమే మంచిదైందని, లేకపోతే ఇంకో బండి వాగులో పడేదని అన్నారు. ఆ మాటలు వినలేక ఆమె లేచి వచ్చేసింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ పోయి, ఇకమీదట ఫోన్ మోగితే ముందు బండి పక్కకు ఆపించాలని, ఆ తర్వాతే ఎత్తాలని, లేకపోతే తను సెల్లు ముట్టనని తెగేసి చెప్పింది. ట్రిప్పు ఆలస్యమవుతుందని కొందరు గొణిగారు. మల్లప్ప ఒప్పించాడు.

నిన్ను భయం ఆపిందా, కోపం ఆపిందా అని అనమ్ ఒకసారి తల్లిని అడిగింది. ఆబెదా భయమని చెప్పింది. కూతురు నమ్మింది.

కోర్టులో సాక్ష్యానికి పిలిచినప్పుడు ఆమె హఫీజ్ చావు గురించి ఉన్నదున్నట్టు చెప్పింది, ఎక్కువా కాదు తక్కువా కాదు. బస్వరాజ్‌కు శిక్ష పడింది. ఆటో అమ్మేశారు. సంతోషి ఇప్పుడు కూలికి పోతోంది. కొన్నిసార్లు ఆబెదా ఎక్కిన ఆటోలోనే ఎక్కుతుంది, ఆమె పక్కన చోటున్నా ముందు డ్రైవర్ సీటు అంచున కూర్చుంటుంది. సెల్లు మోగి ఆబెదా బండి ఆపించినప్పుడు అందరూ విసుక్కుంటారు. సంతోషి మాత్రం ఎత్తేదాకా కదలకుండా వింటుంది.