ఉప్పుకోట వెలుతురు

పెనం కాలగానే హంపమ్మ వాకిటి వైపు తిరిగి కూతుర్ని పిలుస్తుంది.

"సహనా, ఇటు రా. పెనం మాడుతున్నది. చదువు."

సహన పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, పొగ తగలని దిక్కున కూర్చుని పేజీ తెరుస్తుంది. మొదటి నాలుగు వరుసల దాకా ఏమీ ఉండదు. కథలో పడిందంటే మాత్రం ఆ పిల్ల ముఖం నుంచి వెలుతురు మొదలవుతుంది. ముందు ముక్కు కొస, తర్వాత చెంపలు, ఆ తర్వాత నుదురు. ఆ వెలుతురులో హంపమ్మ జొన్నరొట్టె తడుతుంది, పెనం మీద వేసి తడిగుడ్డ అద్దుతుంది, తిరగేస్తుంది. కథలో భయం వేసే చోట వెలుతురు తెల్లగా, గట్టిగా ఉంటుంది. నవ్వొచ్చే చోట రెపరెపలాడుతుంది. అందుకే పక్కింటి రంగవ్వ బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికి వచ్చినప్పుడల్లా, "జర భయమయ్యే కాడ చదువు బిడ్డా, ముసలి కండ్లు" అని అడుగుతుంది.

దేవదుర్గ రోడ్డు మీది హొసకేరిలో పొద్దుగూకితే కరెంటు ఉండదు. ఊరి వెనకే థర్మల్ చిమ్నీలు. బొగ్గు ఇక్కడే కాలుతుంది, బూడిద ఇక్కడే రాలుతుంది. ఆరేసిన బట్టల మీద, తోడేసిన పెరుగు మీద, నిద్రపోయే పసిపిల్లల రెప్పల మీద. తీగలు మాత్రం ఊరి నెత్తి మీదుగా గుంయ్యిమంటూ పట్నాలకు పోతాయి. 'వెలుగు ప్రతి పౌరుడి హక్కు' అని పంచాయతీ గోడ మీద నీలం రంగుతో రాశారు. చీకటి పడితే ఆ రాత కనిపించదు.

పిల్లల వెలుతురు వచ్చింది వాణి పెట్టె వల్ల. వాణిది కాలువ సీమలో ఒక క్యాంపు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న కుటుంబం. ఆమె మొగుడు వీరబాబు ఇక్కడి ఇటుకల ఫ్యాక్టరీలో జీపు నడుపుతాడు. కాపురానికి వస్తూ ఆమె తెచ్చుకున్న రేకు పెట్టెలో 'ఉప్పుకోట' కథల మొదటి పుస్తకం ఉంది. మొత్తం ఏడు పుస్తకాలట, మిగతావి చెల్లెళ్లు ఉంచేసుకున్నారట. సముద్రం నడుమ ఉప్పుతో కట్టిన కోట. మనుషుల నీడలు మింగే రాజు. వాన పడితే కోట కరిగిపోతుందని ఆ రాజు మేఘాలన్నిటినీ పట్టి చెరలో పెట్టాడు. వాటిని విడిపించడానికి తుమ్మెద అనే పిల్ల పడవెక్కింది.

హొసకేరి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. తెలుగు అక్షరం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. కన్నడ అక్షరాల చుట్టరికం పట్టుకుని, తలకట్ల దగ్గర తడబడి, తెలియనిది దాటేసి, ఒకరి భుజం మీద ఒకరు పడి చదివారు. మొదటి పేజీకి చాలా రోజులే పట్టాయి. సగం పుస్తకానికి వచ్చేసరికి పరుగెత్తే బస్సు మీది బోర్డులు కూడా చదివేస్తున్నారు. పలక చూస్తే మేకల వెంట పారిపోయే సహన, అన్నం ముందు పెట్టినా తల ఎత్తకపోవడం చూసి హంపమ్మ దిగ్భ్రమపడింది. ముఖం వెలగడం చూసి కాదు. అది అయ్యేదే. చదవడం చూసి.

బడి హెడ్మాస్టరు ఆశపడి పిల్లలతో సమాజశాస్త్రం చదివించి చూశాడు. ఒక్కరికీ బీడీ నిప్పంత వెలుగు కూడా రాలేదు. "సిలబస్‌ల లేనిదే వెలుగుతది" అని ఆయన పుస్తకం మూసి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఊళ్లో ఒక కట్టుబాటు ఏర్పడింది: చదివే పిల్లను పనికి లేపకూడదు. నీళ్లకు పంపకూడదు, తమ్ముణ్ని ఎత్తుకోమనకూడదు. కొట్టాలన్నా పేజీ అయ్యేదాకా ఆగాలి. తరతరాలుగా పిల్లల వీపు మీద బతికిన ఊరు ఆ ఒక్క మాట మీద నిలబడింది.

ఆ మాటలోంచే బసవప్ప లోపలికి వచ్చాడు.

బసవప్పది బూడిద ఇటుకల ఫ్యాక్టరీ. థర్మల్ బూడిద, రాతిపొడి, సిమెంటు కలిపి ఆడవాళ్లు అచ్చుల్లో పోస్తారు. ఎండాకాలం పగలు పోస్తే ఇటుక పగులుతుంది. పొద్దుగూకినాక పోస్తే మంచిది, కానీ కరెంటు లేదు, జనరేటరుకు డీజిలు దండగ. ఒక సాయంత్రం ఆయన హంపమ్మ గుమ్మం ముందు బండి ఆపి, లోపల వెలుగుతున్న సహనను చాలాసేపు చూశాడు.

"పిల్లను షెడ్డుకు పంపు హంపమ్మ. నీ పక్కనే కూసుంటది."

"పిల్లలకు పని చెప్పొద్దంట గద సావుకారు."

"పనేంది? చదువుకుంటది. మిగతా పుస్తకాలు నేనే తెప్పిస్త. పనికీ చదువుకూ ఫరక్ తెల్వదా నీకు?"

హంపమ్మకు ఆ ఫరక్ బాగా తెలుసు. వంగితే పని, కూర్చుంటే చదువు. అందుకే సంతోషంగా ఒప్పుకుంది. ఊరూ అట్లాగే ఒప్పుకుంది.

బస్సులో పార్సిలు వచ్చింది. రెండో పుస్తకం నుంచి ఆరో దాకా. పిల్లలు ఇటుకల దొంతుల మీద కూర్చుని చదివారు, షెడ్డు పెళ్లిపందిరిలా వెలిగింది. అమ్మలు అచ్చులు పోశారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు పిల్లల్ని చూసి ముచ్చటపడి, "ఇది ఫ్యాక్టరీ కాదు, గ్రంథాలయం" అన్నాడు. యువజన సంఘం రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టింది. అందులో బసవప్ప నమస్కారం పెడుతుంటాడు; కింద 'విద్యాదాత' అని ఉంటుంది. హంపమ్మకు సాయంత్రం కూలి కూడా దొరికింది, కథ కూడా దొరికింది. సహన గొంతు విప్పి చదివేది కాబట్టి ఆమె చేతులు బూడిదలో, చెవులు సముద్రంలో ఉండేవి. తుమ్మెద పడవ మునిగినప్పుడు ఆమె పోసిన ఇటుకలన్నీ వంకర పోయాయి.

ఏడో పుస్తకం వచ్చిన రోజు పిల్లలు గేటు దగ్గరే గుమిగూడారు. బసవప్ప జేబులోంచి బ్లేడు తీశాడు. అట్ట కోశాడు. కుట్టు కోశాడు. పుస్తకాన్ని ఆకులు ఆకులుగా విడదీసి, పైనున్న నాలుగు ఆకులు సహన చేతిలో పెట్టి, మిగతావి సంచిలో వేసుకున్నాడు.

"అదేంది సావుకారు?" అంది హంపమ్మ. కోడి మెడ కోయడం ఆమెకు కొత్త కాదు. కానీ ఆ కుట్టు తెగిన చప్పుడుకు సహనను దగ్గరికి లాక్కుంది.

"కడమ రేపు. ఆపిన కాడ ఆపితేనే మంట పెరుగుతది. చూస్తనే ఉన్న గద ఇన్ని దినాలు."

నిజమే. ఆయన బాగా చూశాడు. ఎక్కడ ఆపితే పిల్లల ముఖాలు మరుసటి సాయంత్రం దాకా లోపల్లోపల రాజుకుంటాయో, ఎక్కడ కోస్తే ఆకలి మిగులుతుందో అంతా కనిపెట్టాడు. మనిషి ఆకలిని లెక్కకట్టే విద్య ఆయనకు కొత్తగా నేర్వాల్సింది కాదు.

రోజుకిచ్చే ఆకులు తగ్గుతూ వచ్చాయి, తర్వాత రావడమే మానేశాయి. తుమ్మెద మేఘాల చెర తలుపు దగ్గర నిలబడింది. ఆమె నీడ రాజు పిడికిలిలో ఉంది. ఆమె గొళ్లెం మీద చెయ్యి వేసింది. అక్కడితో ఆకు అయిపోయింది.

పిల్లలు ఆ ఆకునే మళ్లీ మళ్లీ చదివారు. చిన్నపిల్లల వెలుతురు తగ్గింది. సహనది తగ్గలేదు, కానీ రంగు మారింది. జ్వరం వచ్చిన కంటిలా ఎర్రబడింది. బడికి పోవడం మానేసింది. పొద్దున్నే షెడ్డు గేటు దగ్గర కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. చేతిలో ఆ ఆకు ఉండేది కాబట్టి కట్టుబాటు ప్రకారం ఎవరూ లేపలేదు. హంపమ్మ కూడా లేపలేదు.

చివరికి ఆమె బసవప్పను అడిగింది. "చివరి ఆకులు ఇచ్చెయ్ సావుకారు. పిల్ల ఎండిపోతున్నది."

"కథ అయిపోతే దీపం ఆరిపోతది హంపమ్మ. దీపం ఆరితే నీ పని గూడ బంద్." ఆయన కోపంగా అనలేదు, నచ్చజెప్పాడు. "నా మాట విను. అరకేర కాడ కొత్త షెడ్డు పెడుతున్న. ఆడికి నీ బిడ్డను పంపు. తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ నావే. ఆడనే ఉంటది. మస్తు చదువుకుంటది."

మస్తు చదువుకుంటది అన్న మాట వినగానే హంపమ్మ తల ఊపేసింది. ఎన్నేళ్ల నుంచో ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూస్తున్న తల అది. దానంతట అదే ఊగింది. ఆయన వెళ్లిపోయాక ఆమె అక్కడే కూర్చుండిపోయింది. బిడ్డ దీపం లాంటిదని జనం మాటవరసకు అంటారు. తాను నిజంగానే బిడ్డను దీపం చేసి, చమురు వాడి చేతికిచ్చి, వాడు అడగ్గానే కొక్కెం మీంచి తీసి ఇచ్చేసింది.

మరునాడు సాయంత్రం షెడ్డు ముందు జీపు వచ్చి ఆగింది. ఇంజను ఆపకుండా వాణి మొగుడు వీరబాబు స్టీరింగు వెనకే కూర్చున్నాడు. లోపల ఆడవాళ్లు అచ్చులు పోస్తున్నారు. ఇక్కడి చివరి పూట కాబట్టి సహన మామూలు చోటనే కూర్చుని ఆ ఆకే చదువుతోంది. ఎర్రటి వెలుతురు.

"తుమ్మెద గొళ్లెం మీద చెయ్యి వేసింది," అని చదివి ఆగింది.

హంపమ్మ అచ్చు దించింది. "ఆ తర్వాత?"

"తెల్వదమ్మ. లేదు."

"గొళ్లెం తియ్యలే," అంది హంపమ్మ.

సహన తల ఎత్తింది.

"తియ్యలే. లోపట్నుంచి చప్పుడైతున్నది, చెవి ఆనిచ్చి విన్నది. గోడ లోపల ఎవరో ఉన్నరు. ఆ కోట ఎవరు కట్టిన్రనుకున్నవ్, రాజు కట్టినాడా? వాడు ఒక్క ఉప్పుగడ్డ మోసినాడా? ఆడోళ్లు కట్టిన్రు. ఇంకా కడుతనే ఉన్నరు. వాళ్ల నీడలు మింగినాడు గదా, అందుకే ఎవరికీ కండ్లబడరు. ఉప్పుకు కాళ్లు పగిలి ఉన్నయి. తుమ్మెద పోయి వాళ్ల పక్కన కూసున్నది."

"పాపం, నీళ్లన్న ఇచ్చిందా వాళ్లకు?" అంది రంగవ్వ. ఆమె అచ్చు ఎప్పుడో ఆగిపోయింది.

"ఏడివి నీళ్లు? మబ్బులన్నీ చెరల ఉండె గద అత్తా. జర విను." హంపమ్మ బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంది. "అవ్వా, ఈ గోడకు రోజూ గడ్డ పెట్టేది ఎవరు అని తుమ్మెద అడిగింది. మేమే అన్నరు. మీరు ఒక్క పూట పెట్టకుంటే ఏమైతది అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలే వాళ్లను."

ఎర్రదనం పోయింది. సహన వెలుతురు పాలపొంగులా తెల్లబడింది. దొంతుల మీది పిల్లలు ఒక్కొక్కరే అంటుకున్నారు. కొద్దిరోజులుగా ఆరిపోయి ఉన్నవాళ్లు కూడా. షెడ్డు రేకుల తుప్పు మరకలు కనిపించాయి, దూలాల మీది సాలెగూళ్లు కనిపించాయి, రోడ్డు మీది ఫ్లెక్సీలో బసవప్ప పళ్లు కనిపించాయి. అంత వెలుతురు ఆ షెడ్డులో ఎన్నడూ లేదు. అంత వెలుతురులో ఒక్క ఇటుక కూడా పడటం లేదు. ఆడవాళ్లంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

బసవప్ప ఆఫీసు గదిలోంచి వచ్చాడు. "ఏంది, అందరు కూసున్నరు?"

ఎవరూ లేవలేదు.

"గట్ల లేదు పుస్తకంల," అన్నాడు హంపమ్మతో. "గోడల ఎవ్వరూ ఉండరు. ఉత్తగ చెప్తున్నవ్. తుమ్మెద గొళ్లెం తీస్తది, వాన పడ్తది, రాజు కొడుకు వచ్చి..."

"నువ్వు చదివినవా సావుకారు?" అని సహన అడిగింది.

"చదివిన. అంత చదివిన."

"చివరిదాకానా?"

"చివరిదాకా."

"మరి నీకు వెలుతురు రాలేదా?"

పిల్ల ఎగతాళి చేయలేదు. నిజంగా జాలిపడి అడిగింది. షెడ్డంతా ఆయన ముఖం వైపు చూసింది. అన్ని వెలుగులు పడినా అది తడి ఇటుకలాగే ఉంది. ఆయన చెంపలు తడుముకున్నాడు. తర్వాత సంచి విప్పి, చివరి ఆకులు తీసి పిల్లల మీదికి విసిరాడు. "తీస్కోండ్రి. చదివి చావండ్రి."

ఆకులు బూడిదలో పడ్డాయి. ఏ పిల్లా వంగలేదు. అందరూ హంపమ్మనే చూస్తున్నారు. అక్షరం రాని ఆమె ముక్కు కొస మీద వెలుతురు మొదలై చెంపలకు పాకింది. చూసుకోవడానికి ఆమెకు తీరిక లేదు.

"వీరబాబూ, పిల్లను జీపులకు ఎక్కించు," అన్నాడు బసవప్ప.

"నా బిడ్డ యాడికీ రాదు," అంది హంపమ్మ. "నిన్న తల ఊపిన. అది తప్పు. ఇయ్యాల నోటితోని చెప్తున్న."

"రేపటి నుంచి నీకు పని లేదు మరి."

"సరే."

వీరబాబు ఇంజను ఆపేశాడు. దిగి వచ్చి, రంగవ్వ పక్కన జాగా చూసుకుని కూర్చున్నాడు. "మీరు కానివ్వండక్కా. గోడలో ఆళ్లు ఏవన్నారు?"

బసవప్ప నిలబడే ఉన్నాడు. కూర్చుందామంటే చోటు లేదు. "ఎంతసేపు ఈ కథ? ఎప్పుడైపోతది?"

"తెల్వదు సావుకారు," అంది హంపమ్మ. "నేను గూడ ఇప్పుడే వింటున్న."